షుగర్ లేదంటే షుగర్ పోతుందా?

మన తెలుగువాళ్ళం జబ్బులకి పేర్లు పెట్టడంలో మహా పొదుపరులం. రక్తపుపోటు అని నోరారా అనడమెందుకని "బీపీ" అంటాం. మధుమేహం అంటే నాలుగక్షరాలు ఖర్చవుతాయని "షుగర్" అంటాం. "ఆవిడకి షుగరుటండీ!" "మా ఆయనకి షుగరొచ్చి పదేళ్ళయింది." ఇందులో తప్పేముంది, లోకం తీరే అంత కదా అంటారేమో! తప్పుంది. జబ్బు పేరూ, వంటింటి డబ్బాలో ఉన్న పంచదార పేరూ ఒక్కటే అయ్యేసరికి, డబ్బా పక్కన పెట్టేస్తే జబ్బు కూడా పక్కకి జరిగిపోతుందని మనకో భ్రమ కుదిరిపోయింది. ఆ భ్రమని పొయ్యి మీద పెట్టి ఇవాళ ఇంటింటా ఓ కొత్త పిండివంట తయారుచేస్తున్నారు. దాని పేరు షుగర్ ఫ్రీ చాక్లెట్.

పుట్టినరోజు పండగలకి వెళ్ళండి, పేరంటాలకి వెళ్ళండి, చిన్న వెండిపళ్ళెంలో గోధుమరంగు బిళ్ళలు ఎదురవుతాయి. "రుచి చూడండి వదినగారూ, చిటికెడు పంచదార కూడా వెయ్యలేదు. మీలాంటివాళ్ళు కూడా నిర్భయంగా తినొచ్చు" అంటుంది ఇంటావిడ. మీలాంటివాళ్ళు అంటే షుగర్ ఉన్నవాళ్ళని అర్థం. మరి తీపి ఎక్కణ్ణించి వచ్చిందమ్మా అని అడిగితే జవాబు గర్వంగా వస్తుంది. "ఖర్జూరం, తేనె, కాస్త తాటిబెల్లం. అన్నీ ప్రకృతిసిద్ధమైనవే!"

నాకు తెలీక అడుగుతాను, చెరుకు మాత్రం ప్రకృతిసిద్ధం కాదా? దాన్ని ఎవరైనా కార్ఖానాలో పోతపోశారా? ఆ చెరుకురసాన్ని కాచి ఒకచోట ఆపితే బెల్లం, ఇంకా శుద్ధి చేసుకుంటూ పోతే పంచదార. రెండూ ఒక తల్లి బిడ్డలు. పెద్దది చామనఛాయ, చిన్నది తెలుపు. అంతకుమించి వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మన రక్తానికి తెలీదు. తాటిబెల్లం వాళ్ళ పిన్ని కూతురు. తేనె సంగతి చెప్పనే అక్కర్లేదు. నూరు గ్రాముల తేనెలో 80 గ్రాముల దాకా చక్కెరలే. అసలు ఆ జబ్బుకి మన పెద్దవాళ్ళు పెట్టిన పేరేమిటి? మధుమేహం. మధువంటే తేనె. జబ్బు పేరులోనే తేనె ఉంటే, ఆ జబ్బున్న మనిషికి తేనె వేసి బిళ్ళలు చేసి పెడుతున్నాం!

"బెల్లంలో ఇనుముందండీ" అని ఒకావిడ నాతో వాదానికి దిగింది. ఉంటే ఉండనీండి. తోటకూరలో లేదా? నువ్వుల్లో లేదా? పుస్తకం చదువుకోడానికి వెలుతురు కావాలని ఎవరైనా ఇంటికి నిప్పంటించుకుంటారా?

నేను నవలలు రాసుకునేదాన్ని. కాలేజీలో చదివింది చరిత్ర, తెలుగు సాహిత్యం. డాక్టర్ని కాదు. కానీ కూడికలు, తీసివేతలు, భాగహారాలు వచ్చు. ఈ విషయానికి అవి చాలు. నూరు గ్రాముల ఖర్జూరంలో 60 గ్రాములకి పైగా చక్కెరలుంటాయి. 200 గ్రాముల ఖర్జూరం ముద్ద చేసి, కోకో పొడి కలిపి, 20 బిళ్ళలు చేశారనుకోండి. బిళ్ళకి ఆరు గ్రాముల పైమాటే. చదునుగా తీసిన ఒక చెంచా పంచదార 4 గ్రాములు. అంటే ఒక్కో బిళ్ళా చెంచాన్నర పంచదార అన్నమాట. "చిన్నవే కదా" అని మూడు తింటే నాలుగున్నర చెంచాలు. అదే మనిషికి కాఫీలో నాలుగున్నర చెంచాల పంచదార వేసిస్తే ఇల్లంతా గగ్గోలు పెట్టమూ? షుగర్ లేని ఆరోగ్యవంతులు తింటే తినండి, ఖర్జూరం మంచి పండే. దాన్ని ఖర్జూరం మిఠాయి అని పిలవండి. షుగర్ ఫ్రీ అని మాత్రం పిలవకండి. నా పోట్లాటంతా ఆ పేరు మీదే.

పేరు మీద ఇంత పోట్లాట అవసరమా అనుకునేవాళ్ళకి మా పిన్ని సంగతి చెబుతాను. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు, షుగరొచ్చి పద్దెనిమిదేళ్ళు. ఆ పద్దెనిమిదేళ్ళలో ఆవిడ చెయ్యని మిఠాయి లేదు. అరిసెలు, బొబ్బట్లు, సున్నుండలు అన్నీ ఆవిడ చేతిమీదుగానే. తినడానికి మాత్రం వీల్లేదు. చెయ్యి పళ్ళెం వైపు వెళ్ళిందంటే కొడుకు ఒక కేక, మనవడు ఒక కేక. మా బాబాయి అయితే చెయ్యి పట్టుకుని వెనక్కే లాగుతాడు. మొన్న సంక్రాంతికి కోడలు ప్రేమగా ఓ డబ్బా ఇచ్చింది. "అత్తయ్యా, ఇవి మీకోసమే చేశాను. షుగర్ ఫ్రీ చాక్లెట్లు. ఎన్ని కావాలంటే అన్ని తినండి." పిన్ని ముఖం అప్పుడు చూడాలి! తర్వాత నాతో అంది కదా, "నలుగురి ముందూ హాల్లో కుర్చీలో కూచుని తిన్నానే. ఎవరూ ఏమీ అనలేదు."

మూడు రోజుల్లో డబ్బా ఖాళీ. నాలుగోరోజు పొద్దున్న పరగడుపున రక్తం చూస్తే 260. ఇంక చూస్కోండి, ఇంట్లో పంచాయితీ! పెద్దావిడ నోరు కట్టుకోలేదనీ, దొంగతనంగా అరిసెలు తినేసి ఉంటుందనీ, ఈ వయసులో ఇంత జిహ్వచాపల్యం ఏమిటనీ తలా ఒక మాట. కోడలు బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. పాపం, ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. తాను నమ్మిందే చెప్పింది. ఖర్జూరంలో, తేనెలో ఉన్నదేమిటో ఆ డబ్బా మీద రాసి ఉంటే ఎవరూ ఎవరినీ అనే పనే లేకపోయేది. ఒక తప్పు పేరు వల్ల పద్దెనిమిదేళ్ళు నోరు కట్టుకున్న మనిషి దొంగయింది. పేరు మీద నా పోట్లాట అందుకు!

సరే, ఇంట్లో చేసినవి నమ్మం, బజారువి కొంటాం అంటారా? రండి, ఆ పెట్టె కూడా తిరగేసి చూద్దాం. ముందువైపు పెద్ద అక్షరాల్లో షుగర్ ఫ్రీ అని ఉంటుంది. అది చట్టప్రకారం నిజమే. నూరు గ్రాములకి అర గ్రాముకి మించి చక్కెరలు లేకపోతే అలా రాసుకోవచ్చని మనదేశపు నిబంధన. వెనకవైపు చీమతలకాయంత అక్షరాలుంటాయి. కళ్ళద్దాలు పెట్టుకుని చదవాల్సింది అక్కడ. మాల్టిటాల్ అనే పేరు తరచుగా కనపడుతుంది. అది పంచదార కాదు, పంచదారకి దూరపు చుట్టం. పంచదారంత కాకపోయినా అదీ రక్తంలో చక్కెర పెంచుతుంది. పంచదార కేలరీల్లో సగానికి పైగా దానికీ ఉన్నాయి. ఎక్కువ తింటే కడుపులో గడబిడ, విరేచనాలు. ఆ హెచ్చరిక కూడా అక్కడే ఎక్కడో ఓ మూల ఉంటుంది. పంచదార లేని బిస్కెట్లదీ ఇదే కథ. పంచదార లేదు, నిజమే. మైదా ఎక్కడికి పోయింది? కడుపులోకి వెళ్ళాక అదీ చివరికి గ్లూకోజే అవుతుంది. అందుకని చక్కెర ఎంత అన్న ఒక్క గీత చూసి సరిపెట్టుకోకుండా, మొత్తం కార్బోహైడ్రేట్లు ఎంత అన్న గీత కూడా చూడాలి. దినుసుల వరస కూడా చదవండి. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరే ముందు రాయాలి. ఆ వరసలో మొదటి పేరు ఏదో, మీరు డబ్బిచ్చి కొంటున్నది ముఖ్యంగా దాన్నే.

ఇంతకీ చాక్లెట్ అంటే ఏమిటి? మన ఇళ్ళలో రంగుకాగితంలో చుట్టిన ప్రతి తీపి బిళ్ళా చాక్లెట్టే. పిప్పరమెంటు చాక్లెట్టు, నిమ్మబిళ్ళ చాక్లెట్టు. అందువల్ల చాక్లెట్టంటే తీపి అని స్థిరపడిపోయాం. నిజానికి చాక్లెట్ చేదు. మెక్సికో ప్రాంతంలో ఆజ్టెక్కులు కోకో గింజల్ని నూరి, మిరపకాయ కూడా వేసుకుని, నురగలు వచ్చేలా కలుపుకుని తాగేవారు. తీపి చేరింది స్పెయిన్ వాళ్ళ చేతుల్లో పడ్డాక. హాలెండులో వాన్ హూటెన్ గింజల నుంచి కొవ్వుని పిండి పొడి తీసే పద్ధతికి హక్కులు పొందింది 1828లో. ఇంగ్లండులో ఫ్రై కంపెనీ కొరుక్కు తినే చాక్లెట్ బిళ్ళ చేసింది 1847లో. స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ దానికి పాలు కలిపింది 1875లో. అంటే మనం చాక్లెట్ అనుకునే ఆ పాలతీపి బిళ్ళ వయసు నూటయాభై ఏళ్ళ చిల్లర. చేదు చాక్లెట్ వయసు వేల ఏళ్ళు.

అంతదూరం ఎందుకు? ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటల్లోకి వెళ్ళి చూడండి. కొబ్బరిచెట్ల నీడన కోకో చెట్లు, మొదలుకే అంటుకుని వేలాడే కాయలు. మనదేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. కాయ పగలగొడితే తెల్లటి గుజ్జు తియ్యతియ్యగా, పుల్లపుల్లగా ఉంటుంది. లోపలి గింజ కొరికితే చేదు. దాన్ని పులియబెట్టి, ఎండబెట్టి, వేయించాకనే మనకి తెలిసిన ఆ వాసన వస్తుంది. గోదావరి వాళ్ళ కొబ్బరీ, గోదావరి వాళ్ళ కోకో ఒకే తోటలో దొరుకుతుంటే, మన వంటింట్లో ఆ రెంటినీ కలపడానికి మధ్యలో మాల్టిటాల్ మధ్యవర్తిత్వం ఎందుకండీ?

కొలతలు చెబుతాను, కాగితం తెచ్చుకోండి. తీపి కలపని కోకో పొడి 40 గ్రాములు. పొట్లం వెనక దినుసుల్లో కోకో అన్న ఒక్క పేరే ఉండాలి. పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి పనికిరాదు, అందులో పంచదారే ముందుంటుంది. కొబ్బరినూనె గానీ, నెయ్యి గానీ 60 గ్రాములు. వెన్న వద్దు, దాన్లో నీరుంటుంది. చాక్లెట్‌కి నీళ్ళచుక్క పరమ శత్రువు, పడిందంటే నున్నగా జారాల్సింది కాస్తా విరిగి గడ్డకడుతుంది. దోరగా వేయించి, పొట్టు తీసి, పలుకులుగా దంచిన వేరుశనగపప్పు 60 గ్రాములు. బాదం వెయ్యగల స్తోమతుంటే బాదం. జీడిపప్పు మాత్రం వద్దు, వాటికంటే దాన్లో పిండిపదార్థం ఎక్కువ. ఎండుకొబ్బరి కోరు 20 గ్రాములు. చిటికెడు ఉప్పు. తీపికి ఎరిత్రిటాల్ 25 గ్రాములు, మిక్సీలో మెత్తగా పొడి చేసింది. లేకపోతే పళ్ళకింద ఇసకలా తగుల్తుంది. స్టీవియా వాడేవాళ్ళు అతి కొద్దిగా వెయ్యాలి. దాని సారం పంచదార కంటే రెండు మూడొందల రెట్లు తీపి. చెయ్యి జారితే తీపి కాస్తా వెగటవుతుంది.

వెడల్పు గిన్నెలో నీళ్ళు కాచి, మంట తగ్గించి, దాని మీద పొడిగా తుడిచిన చిన్న గిన్నె పెట్టండి. నూనె కరిగాక ఎరిత్రిటాల్, కోకో, ఉప్పు వేసి ఉండలు లేకుండా కలపండి. దించేసి పప్పు, కొబ్బరి కలపండి. పళ్ళెంలో పరిచి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి 20 ముక్కలు కొయ్యండి. కొబ్బరినూనె పాతిక డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కాబట్టి వైశాఖమాసంలో బయట పెడితే చాక్లెట్ కాస్తా పాయసమవుతుంది. ఫ్రిజ్‌లోనే ఉంచుకోవాలి.

ఇప్పుడు లెక్క. పీచు తీసేస్తే మొత్తం పళ్ళేనికి సుమారు 15 గ్రాముల పిండిపదార్థం. ఎరిత్రిటాల్ లెక్కలోకి రాదు, అది చాలావరకు మూత్రంలో బయటికి పోతుంది. ముక్కకి ఒక గ్రాము కూడా లేదు. ఖర్జూరం బిళ్ళలో ఆరుంది. ఇదీ తేడా!

అయితే ఇక్కడా ఓ సంగతి దాచకూడదు. ముక్కకి 55 కేలరీలు దాకా ఉంటాయి, ఎక్కువ భాగం కొవ్వువే. ఇది రెండు ముక్కలు తిని మూత పెట్టాల్సిన వస్తువు, బుట్టెడు తినాల్సింది కాదు. ఎరిత్రిటాల్‌కీ దణ్ణం పెట్టక్కర్లేదు. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవాళ్ళలో గుండెజబ్బులు ఎక్కువగా కనపడ్డాయని 2023లో ఒక పరిశోధన వచ్చింది. అదే కారణమని తేల్చలేదు గానీ, అనుమానమైతే లేపింది. బరువు తగ్గడానికని స్టీవియా లాంటి తీపి మందుల్ని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే ఏడాది చెప్పింది. ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళని ఉద్దేశించింది కాదు. అయినా నా మాట ఏమిటంటే, తీపి మందు ఊతకర్ర లాంటిది. కాలు కుదుటపడేదాకా పట్టుకోండి. మొదటిసారి 25 గ్రాములు, తర్వాత 20, ఆపైన 15. రెండు నెలలకి నాలుకే దారికొస్తుంది. ఉగాదినాడు వేపపువ్వు నమిలి సంవత్సరం మొదలుపెట్టే జాతి మనది. అలాంటి మనం కాకరకాయలో కూడా బెల్లం పెట్టి వండుకునే స్థితికొచ్చాం!

మరొక్క మాట, ఇది చాలా ముఖ్యం. మాత్రలు మింగేవాళ్ళూ, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళూ డాక్టరుకి చెప్పకుండా అన్నం, రొట్టె ఒక్కసారిగా తగ్గించెయ్యకూడదు. మందు తన పని తాను చేస్తుంది, చక్కెర మరీ పడిపోతుంది. అలా పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికినప్పుడు ఈ చాక్లెట్ నోట్లో పెడితే ప్రయోజనం లేదు. అప్పుడు కావలసింది అసలైన పంచదార నీళ్ళో, గ్లూకోజో. పంచదార డబ్బాని బద్ధశత్రువులా చూసే ఇళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంత లెక్క ఎవరికోసం చెప్పానో ఇప్పుడు చెబుతాను. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళ అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మనదేశంలో పదికోట్ల మందికి పైగా షుగర్ ఉంది. అందులో ఆడవాళ్ళు తక్కువేం కాదు. కానీ ఇళ్ళల్లో జరిగేది గమనించారా? ఆయనకి షుగరొస్తే ఇంటి వంట మారిపోతుంది. రాత్రికి జొన్నరొట్టె, పొద్దున్న మొలకలు, ఆయన కాఫీకి వేరే గిన్నె. ఆవిడకి షుగరొస్తే ఆవిడొక్కతే మారుతుంది. అందరికీ పూరీలు వత్తి పెట్టి, తనకి చల్లారిన ఉప్మా ఏదో మూల నుంచుని తింటుంది. "నా ఒక్కదానికోసం వేరే ఏం చేసుకుంటాంలెండి" అంటుంది. ఆ తర్వాత పిల్లలు వదిలేసిన కేకుముక్క పారెయ్యబుద్ధికాక సింకు పక్కన నిలబడి నోట్లో వేసుకుంటుంది. దానికి ఇంటిల్లిపాదీ పెట్టే పేరు జిహ్వచాపల్యం!

ఆవిడ ముందు మనం పెడుతున్నవి రెండే రెండు. ఒకటి, "ముట్టుకోవద్దు" అనే కేక. రెండోది, తేనెలో ముంచిన అబద్ధం. ఈ రెండింటి మధ్యా, ఏముందో తెలిసిన ఓ రెండు ముక్కలు, కుర్చీలో కూచుని, నలుగురి ముందూ తినే హక్కు ఆవిడకి లేదా? ఇది తయారుచెయ్యడానికి పట్టేది అరగంట. ఆ అరగంట మీదే కావాలని ఏ శాస్త్రంలోనూ లేదు. గిన్నెలో గరిటె తిప్పడం కొడుక్కీ చేతనవును, మొగుడికీ చేతనవును. మా బాబాయికి పిన్ని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగడం బాగా వచ్చు. అదే చేత్తో ఓ అరగంట కోకో కలపలేడా?

చేశాక డబ్బా మీద ఓ కాగితం అంటించండి. కోకో ఎంత, పప్పు ఎంత, తీపికి ఏమి వేశారు, ముక్కకి ఎంత లెక్క, రోజుకి ఎన్ని. కింద ఆవిడ పేరు రాయండి. ఎవరైనా వచ్చి ఇదేమిటండీ అని అడిగితే, షుగర్ లేదని మాత్రం చెప్పకండి. ఏముందో చెప్పండి.